కోత రేకు, కుట్టు రేకు

మా మేనత్త పోయిందన్న కబురు, పూతలపట్టు నుంచి చిత్తూరుకు చింతపండు తోలుకొచ్చిన బండి మనిషి తెచ్చాడు. బండి దిగనైనా దిగలేదు. "మీ అత్త పొయ్యిందమ్మా. తెల్లారి నీళ్ళ కాడికని లేసి వసారాలోనే కూలబడిందంట. నిన్న సాయంత్రం గూడా నన్ను తిట్టింది" అన్నాడు. ఎందుకు తిట్టిందని నేను అడగలేదు. ఆమె తిట్లకు కారణం వెతికే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. ఎద్దుల్ని అదిలించుకుని అతను వెళ్ళిపోయాక గడప మీద కూర్చుని ఏడ్చాను.

నేను వెళ్ళేసరికి ఇంటి ముందు జనం. ఆమె బతికుండగా ఆ వసారా ఎక్కడానికి జంకినవాళ్ళంతా ఆరోజు ధైర్యంగా ఎక్కి కూర్చున్నారు. తిరిగి ఒక మాట అనలేని మనిషిని మెచ్చుకోవడం ఎంత సులువో వాళ్ళను చూస్తే తెలిసింది. ఎవరో ఆమెది వెన్నలాంటి మనసన్నారు. ఇంకెవరో ఆమె నోట చెడ్డ మాట విని ఎరగమన్నారు. చిత్తూరు బజారులో బట్టల అంగడి పెట్టుకున్న మా చిన్నాయన, అంటే ఆమెకు సొంత తమ్ముడు, ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకుంటూ మా అక్క దేవత అన్నాడు. ఆ దేవత గడప ఆయన తొక్కి ఎన్నాళ్ళయిందో వీధిలో అందరికీ తెలుసు. అయినా అందరూ తలలూపారు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచే రాయాలట. మా అత్త మెత్తని మనిషని నేను రాస్తే, ఆమెకు చదువు వచ్చి ఉంటే, మొదట నన్నే తిట్టేది. ఆమెకు మనుషులంటే చిన్నచూపు. దాచుకునే చిన్నచూపు కాదు, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే చిన్నచూపు. అందులో చాలా భాగం మనుషులు సంపాదించుకున్నదే అని నా నమ్మకం. ఆ గుణం నాకూ కొంత వచ్చిందని మావాళ్ళు అంటారు. చదివేవాళ్ళకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఆమె బొంతలు కుట్టేది. చిన్న వయసులోనే మామ పోయాడు, పిల్లలు లేరు. పాత చీరలు, పంచెలు తెచ్చిచ్చినవాళ్ళకు బొంత కుట్టిచ్చి గింజలు కొలిపించుకునేది. బంగారుపాళ్యం మామిడి తోటల కాపలావాళ్ళ దగ్గర్నుంచి చంద్రగిరి పెద్దిళ్ళ దాకా ఆమె బొంతలే కప్పుకున్నారు. ఇంటికి ఎవరొచ్చినా ముందు మొహం చూసేది కాదు, బట్ట కుట్టు చూసేది. రవిక అంచు రెండు వేళ్ళతో పట్టుకుని, తిప్పి, లోపలి వైపు చూసి వదిలేసేది. బాగుంటే ఏమీ అనదు. బాగా లేకపోతే కుట్టినవాళ్ళ చేతుల గురించి, కుట్టించుకున్నవాళ్ళ కళ్ళ గురించి వీధి చివరికి వినపడేలా చెప్పేది. పెళ్ళిళ్ళలో పరుపులూ బొంతలూ పరిచి చూపిస్తే అందరూ పైభాగం మెచ్చుకుంటుంటే ఈమె వంగి వెనకభాగం తిరగేసేది. ఆమెను పెళ్ళిళ్ళకు పిలవడం మానేయడానికి అదొక కారణం.

ఆమె ఆస్తి అంతా గోడకు కొట్టిన ఒక మేకుకు వేలాడేది. కిరసనాయిలు డబ్బా రేకును చదరంగా కత్తిరించి, అంచులు రాతి మీద నూరి చేసుకున్న కొలత రేకులు అవి. బెత్తెడుది ఒకటి, జానెడువి రెండు, మూరెడుది ఒకటి. గుడ్డ మీద రేకు పెట్టి, చుట్టూ బొగ్గుతో గీసి, గీత వెంబడి కోస్తే ముక్కలన్నీ ఒక్క కొలతగా వస్తాయి. ఇందులో ఏముంది, ఎవరైనా చేస్తారు అనిపిస్తుంది. నాకూ అట్లాగే అనిపించింది.

నాకు పెళ్ళి కుదిరిన ఏడు, అత్తగారింటికి తీసుకెళ్ళే బొంత నువ్వే కుట్టుకోమని కూర్చోబెట్టింది. మా అమ్మ పాత చీర ఒకటి పరిచి రేకు తెచ్చుకోమంది. నేను లేచి మూరెడు రేకు తెచ్చాను. మా వైపు అదొక పిచ్చి ఉంది. బొంతలో చదరాలు ఎంత పెద్దవైతే ఇల్లు అంత కలిగిందని లెక్క. చిన్న ముక్కల బొంత అడుక్కునేవాళ్ళదట. అందుకని ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ మూరెడు చదరాలే కావాలంటారు, ఒక చలికాలం తిరగకముందే చిరుగు కప్పుకుంటారు. మా అత్త నా చేతిలో రేకు చూసి, "పండుకునేది నువ్వా, మీ అత్తగారి గొప్పా?" అంది.

తర్వాత ఆ చీరను ఎండకు ఎత్తి పట్టింది. మోకాళ్ళ దగ్గరా, కూర్చునే చోటా, కుచ్చిళ్ళు దోపుకునే చోటా వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వచ్చింది. అంచు పక్కనా పమిట కొంగులోనూ మాత్రం గుడ్డ గట్టిగా ఉంది. ఆ గట్టి భాగం ఎక్కడా జానెడుకు మించి వెడల్పు లేదు. మూరెడు రేకు ఎక్కడ పెట్టినా ఒక మూల చీకిపోయిన చోట పడుతుంది. కొత్త గుడ్డైతే పెద్ద రేకు పెట్టు, కుట్లు తక్కువై మెత్తగా ఉంటుంది. పసిపిల్లల బొంతకు బెత్తెడు రేకు పెట్టు, రోజూ ఉతికినా ఊడదు. పాత చీరకు జానెడు దాటి పోవద్దు. ఇదీ ఆమె చెప్పింది. చెప్పడానికి ఒక పూట పట్టింది, ఎందుకంటే మధ్యలో నా తెలివి గురించి కూడా చెప్పాల్సి వచ్చింది.

జానెడు రేకులు రెండెందుకని అడిగాను. అవి రెండూ ఒక్కటి కాదు. ఒకటి సరిగ్గా జానెడు. ఇంకొకటి చుట్టూ చిటికెన వేలి గోరంత పెద్దది. ముక్కను ముక్కకు కలిపేటప్పుడు రెండు వైపులా అంచు లోపలికి మడత పోతుంది కదా, ఆ మడత కోసం ఆ గోరంత. పెద్దదాంతో గుడ్డ కోయాలి. అది కోత రేకు. చిన్నదాన్ని కోసిన ముక్క వెనక పెట్టి, సూది ఎక్కడ నడవాలో సీమసున్నంతో గీసుకోవాలి. అది కుట్టు రేకు. ఒకదాని మీద ఒకటి పెడితే తప్ప కొలతలో తేడా తెలియదు. ఆమెకు మాత్రం మేకు మీద ఉండగానే తెలిసేది. ఆ రేకులు వేరేవాళ్ళు ముట్టుకుంటే ఊరుకునేది కాదు.

ఇక యుద్ధం రోజులు వచ్చాయి. గుడ్డకు కంట్రోలు పెట్టారు. అంగడి ముందు పొద్దుటి నుంచి నిలబడితే సాయంత్రానికి గోనెకూ పంచెకూ మధ్యరకం గుడ్డ ఏదో కొలిచి ఇచ్చేవాళ్ళు. దానికి తోడు ఆ ఏడు వానలు లేవు. వీధిలో ఆడవాళ్ళకు కలుపు పని లేదు, కోత పని లేదు. అంబలి పలచబడింది, తర్వాత ఒక పూటకు దిగింది. బొంత కుట్టించుకునేవాళ్ళు లేరు. ఉన్న పాత చీరే కట్టుకుంటుంటే బొంతకు ఎవరిస్తారు?

అప్పుడు తిరుపతి నుంచి, అక్కడ ఒక సత్రం నడిపే పారుపత్తేదారు వచ్చాడు. యాత్రికులు వదిలేసి పోయిన పాత చీరలూ పంచెలూ ఏళ్ళ తరబడి సత్రం గదిలో మూటలుగా పడి ఉన్నాయట. వాటితో బొంతలు కుట్టిస్తే చలికి యాత్రికులకు ఇవ్వొచ్చు. కుట్టినవాళ్ళకు సత్రం కొట్టులోంచి రాగులూ కొర్రలూ కొలిపిస్తానన్నాడు. వీధిలోని ఆడవాళ్ళందరూ వానలు పడేదాకా తినొచ్చు. ఆ మాట వినగానే వాళ్ళ మొహాలు నేను చూశాను. నేను పాఠాలు చెప్పే బడికి సెలవులు, అక్కడే ఉన్నాను.

అయితే అతను తనతో ఒక రేకు తెచ్చాడు. మూరెడుది, కొత్తది, తళతళలాడుతోంది. మా సత్రం బొంతలో చదరం మూరెడుండాలి, చిన్న ముక్కలు పెడితే సత్రం పరువేం కావాలి అన్నాడు. మూరకు ఒక్క వేలు తగ్గినా మూటలు వెనక్కి తీసుకెళ్ళి బజారులో మిషను పెట్టుకున్న దర్జీకి ఇస్తానన్నాడు. మా అత్త మూట విప్పి ఒక పంచె ఎండకు ఎత్తి, దాని వెనక నుంచి అతని మొహం కనిపిస్తోందని చెప్పింది. అతనికి అర్థం కాలేదు. తన పంచె అంచు సర్దుకున్నాడు. నేను అప్పటిదాకా చూసిన మొద్దుల్లో అతను ముందు వరసలో ఉంటాడు, కాని గింజలు అతని కొట్టులో ఉన్నాయి.

నోరు మూసుకుని ఒప్పుకోవడం ఆమె జన్మలో అదొకసారే చూశాను. అతను వెళ్ళాక అందరినీ కూర్చోబెట్టి ఉపాయం చెప్పింది. ఒకే చీరలోని గట్టి చోట్ల నాలుగు జానెడు ముక్కలు కోసి, సన్న కుట్టుతో కలిపితే మూరెడు చదరం అవుతుంది. చేతి దూరం నుంచి చూస్తే ఒకటే ముక్క. వంగి చూసే మనిషైతే ఈ రేకు తెచ్చేవాడే కాదు అంది. పని నాలుగింతలవుతుంది, గింజలు మాత్రం అవే. అయినా ఎవరూ కాదనలేదు.

కోత అంతా తన చేతిమీదుగానే జరగాలంది. మిగతావాళ్ళు కోసింది కుక్క కొరికినట్టు ఉంటుందట. తను రేకు పెట్టి గీస్తుంది, వాళ్ళు గీత వెంబడి కోస్తారు. వసారాలో రోజుల తరబడి అదే పని. ఒకామె గీత దాటి కోస్తే, అంబలి తాగే చేతికి కత్తెర ఎందుకిచ్చానా అంది. ఇంకొకామె ఏదో సందేహం అడిగితే, ఆ సందేహాన్ని వీధిలో పోయేవాళ్ళకు కూడా వినిపించి నవ్వించింది. పక్కింటామె ఒకతె ఉండేది, చంద్రగిరి నుంచి కాపురానికి వచ్చినామె, చిన్న పిల్లల తల్లి. ఏళ్ళుగా మా అత్త పక్కన కూర్చుని కుట్టేది. మా అత్త ఎక్కువగా తిట్టింది ఆమెనే. పెదవి కదిపితే చాలు, "నీకేం తెలుసు" అని ఆపేసేది. ఆమె ఆపేసేది. నేను అక్కడే కూర్చుని అంతా చూస్తూ, వీళ్ళకు రోషం లేదా అనుకునేదాన్ని. నాకు తెలియంది ఏమిటంటే, రోషం కంటే ముందు పిల్లల అన్నం ఉంటుంది.

మూటలన్నీ కోయడం అయిపోయాక కలపడం మొదలైంది. మొదటి నాలుగు ముక్కలు కుట్టి, మా అత్త తనే ఆ తళతళలాడే రేకు తెచ్చి పైన పెట్టింది. రేకు నాలుగు వైపులా బయటికి వచ్చింది. వేళ్ళతో తడిమింది. కుట్టు బిగిసిందని కుట్టినామెను తిట్టి, విప్పించి మళ్ళీ కుట్టించింది. మళ్ళీ అంతే. రెండు వేళ్ళు తక్కువ. ఇంకో నాలుగు తెప్పించింది. అవీ అంతే.

కోసిన ముక్కలన్నీ కుట్టు రేకుతో కోసినవి. మడతకు గుడ్డ లేదు. గది నిండా ముక్కలు, ఒక్కటీ అక్కరకు రాదు, ఇంకో గుడ్డ దొరికే కాలం కాదు. మా అత్త లేచి గోడ దగ్గరికి వెళ్ళి, మేకు మీద మిగిలిన జానెడు రేకును తీసి, అంచు వెంట వేలు నడిపింది. కళ్ళతో చూడలేదు. ఆమెకు చూపు తగ్గిందని, అది ఎవరికీ చెప్పకుండా దాచిందని నాకు అప్పుడే తెలిసింది.

వెనక్కి తిరిగి పక్కింటామెను అడిగింది. "నువ్వు నా పక్కనే ఉండావు. సూసినావా?"

"సూసినానక్కా. కుట్టు రేకు అంచుకు సీమసున్నం పట్టి తెల్లగా ఉంటాది గదా. నువ్వు దాన్ని పెట్టి గీస్తా ఉండావు."

"ఎప్పుడు సూసినావు?"

"మొదటి దినమే."

"నోరు ల్యాదా?"

పక్కింటామె తల వంచుకునే చెప్పింది. "నోరు తెరిస్తే ఏమంటావో తెలుసు గదక్కా. పనిలో నుంచి లేపేస్తావని బయపడినా. నాకు పిల్లోళ్ళు ఉండారు."

మా అత్త తిట్టలేదు. లోపలికి వెళ్ళి పెట్టె తెరిచింది.

మా వైపు ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు కొత్త గుడ్డ తేవాలి. అది కప్పి సాగనంపాలి. తెస్తారన్న నమ్మకం లేని ఒంటరి ఆడవాళ్ళు తమ గుడ్డ తామే ముందుగా కొని పెట్టెలో దాచుకుంటారు. బట్టల అంగడి తమ్ముడు ఉన్నా మా అత్త దాచుకుంది. కంట్రోలు అంగడి ముందు నిలబడి తెచ్చుకున్న తెల్ల గుడ్డ, ఇంకా గంజి వాసన పోలేదు. దాన్ని తెచ్చి పక్కింటామె ఒళ్ళో పడేసింది. చదరం చుట్టూ పట్టీ వేస్తే తగ్గింది సరిపోతుంది, పట్టీలు కోయమంది.

ఆడవాళ్ళు గోల పెట్టారు. అది కోస్తే కీడన్నారు, రేపు నీకేం కప్పాలన్నారు. నేనూ అన్నాను. "సచ్చినాక నాకు సలేస్తాదా? వాగొద్దండి" అని అందరి నోళ్ళూ మూసింది. పక్కింటామె కత్తెర పట్టుకుని ఎంత వెడల్పు కోయాలని అడిగింది. మా అత్త కోత రేకు, కుట్టు రేకు రెండూ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"నువ్వే సూసి కోయి. నాకు కండ్లు కనపడ్డం లే" అంది.

ఆ మాట ఆమె నోట రావడానికి ఎంత కష్టపడిందో నాకు తెలుసు, ఎందుకంటే వెంటనే పెరట్లోకి వెళ్ళిపోయి చాలాసేపు రాలేదు. పక్కింటామె రెండు వేళ్ళ వెడల్పుకు మడతలు కలుపుకుని, ఆ గుడ్డ నుంచి ఒక్క పీలిక వృథా కాకుండా పట్టీలు తీసింది. అన్ని చదరాలకూ చాలింది. వానలు పడేదాకా వీధిలో రాగులు ఉడికాయి.

పారుపత్తేదారు బొంతలు చూసి మురిసిపోయాడు. చుట్టూ తెల్ల పట్టీ వేయమని తనే చెప్పానని మా ముందే తన గుమాస్తాతో అన్నాడు. మా అత్త అతని వైపు చూసిన చూపు నాకు రాయడం రాదు. కొలిచిన గింజల్లో రాళ్ళు ఏరి అతని కాళ్ళ దగ్గర పోసింది.

ఆ తర్వాత ఆమె మెత్తబడిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. తిట్లు తగ్గలేదు. చూపు పూర్తిగా పోయాక అడుగుల చప్పుడును బట్టి తిట్టేది. ఒక్కటే మారింది. పక్కింటామె పెదవి కదిపితే ఆగేది. "సెప్పు" అనేది. విన్నాక తిట్టేది, అది వేరే సంగతి. నాకు బొంత కుట్టడం ఆమే నేర్పింది. అంతకంటే, నా దగ్గర చదువుకునే ఆడపిల్లలు తప్పు పట్టుకుంటే నోరు మూయించకూడదని ఆ రోజు ఆ వసారాలో నేర్చుకున్నాను. దానికి నేను ఆమెకు రుణపడి ఉన్నాను. ఇది నేను ఆమెతో ఎప్పుడూ అనలేదు. అంటే ఏమనేదో తెలుసు.

ఆమెను సాగనంపేటప్పుడు పుట్టింటి గుడ్డ ఏదని పెద్దవాళ్ళు అడిగారు. మా అక్క దేవత అన్న చిన్నాయన, ఇంకా కంట్రోలే కదా, అంగడిలో సరుకు లేదన్నాడు. ఆయన భుజం మీద ఉత్తరీయం కొత్తది. ఉన్న పాత తెల్ల చీరనే పక్కింటామె ఉతికి తెచ్చి కప్పింది. కప్పుతూ అంచు తిప్పి కుట్టు చూసింది. నాకు అప్పుడే నిజంగా దుఃఖం వచ్చింది.

కర్మంతరం అయ్యాక తిరుపతి వెళ్ళాను. మొక్కేమీ లేదు, ఆ సత్రానికే వెళ్ళాను. పారుపత్తేదారు ఇంకా అతనే. బొంతలు చూడ్డానికి వచ్చానంటే సంతోషించి తన గొప్ప మొదలుపెట్టాడు. నేను వినకుండా పెరట్లో బావి దగ్గరికి నడిచాను. అక్కడ ఎవరో యాత్రికులు, మొగుడూ పెళ్ళామూ, పిల్ల తడిపిన బొంతను ఉతికి, జాడించి, చెరొక కొస పట్టుకుని పిండుతున్నారు. తెల్ల పట్టీ బొంత. అతను చినుగుతుందేమోనని మెల్లగా తిప్పుతుంటే ఆమె విసుక్కుంది, గట్టిగా తిప్పమంది. అతను కాళ్ళు నేలకు తన్నిపెట్టి తిప్పాడు. తాడులాగా మెలిపడింది. ఒక్క కుట్టు వదల్లేదు. కొండ మీద అప్పుడే గుండు చేయించినట్టుంది, తల మీద చందనం ఇంకా ఆరలేదు, ఆ తడిపిన పిల్ల బొంత కిందికి పాక్కుంటూ వచ్చి కూర్చుంది. మా అత్తకు కప్పాల్సిన గుడ్డలోంచి నీళ్ళు ధారగా దాని గుండు మీద పడుతుంటే, కళ్ళు గట్టిగా మూసుకుని, ఇంకా పడతాయని తల అక్కడే పెట్టుకుని కూర్చుంది.